ముఖ్య అతిథికి రెండు గంటలు, పిల్లల మోకాళ్లకు ఇరవై నిమిషాలు కూడా లేవా?

పాఠశాల క్రీడా పోటీల నిర్వాహకులకు, విద్యాశాఖ అధికారులకు, తోటి వ్యాయామ ఉపాధ్యాయులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమణ పొందినవాణ్ని. ఈ లేఖలోని సంగతినే ఇంతకుముందు మూడుసార్లు అర్జీగా రాసి పంపాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోదానికి అదీ లేదు. మూడోది పంపిన పది రోజులకు ఒకాయన ఫోన్ చేసి, "మాస్టారూ, రిటైరయ్యాక కూడా ఈ తలనొప్పి ఎందుకండీ, హాయిగా మనవలతో ఆడుకోక" అన్నారు. ఆయన మర్యాదగానే అన్నారు, తప్పు పట్టను. కానీ నా మనవరాలు ఆడేది కబడ్డీ. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

అడిగేది చిన్న విషయం. మండల స్థాయి పోటీల్లో ప్రతి జట్టుకూ ఆటకు ముందు ఒళ్లు సిద్ధం చేసుకోవడానికి, అంటే వార్మప్‌కు, ఇరవై నిమిషాలు ఇవ్వాలి. ఆ ఇరవై నిమిషాలు కార్యక్రమ పత్రంలో అచ్చులో ఉండాలి. మాటవరసకు "చేసుకోండమ్మా" అంటే సరిపోదు.

కిందటి సంవత్సరం మండల పోటీల్లో నేను కళ్లారా చూసినది చెబుతాను. పిల్లల్ని ఏడున్నరకల్లా మైదానంలో ఉండమన్నారు. ఊళ్లనుంచి ఆరింటికే బయలుదేరారు, ఒక్కో ఆటోలో పన్నెండేసి మంది, మోకాళ్లు గడ్డానికి ఆనేలా ముడుచుకుని. ముఖ్య అతిథి పదింబావుకు వచ్చారు. అప్పటిదాకా పిల్లలు బడి పేరున్న బోర్డుల వెనక వరుసల్లో నిలబడ్డారు. తర్వాత మార్చ్‌పాస్ట్, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఏడుగురు పెద్దల ప్రసంగాలు. "ఆరోగ్యమే మహాభాగ్యం" అని నలుగురు చెప్పారు, నేను లెక్కపెట్టాను. పదకొండూ నలభైకి చివరి చప్పట్లు. పదకొండూ నలభై అయిదుకు బాలికల కబడ్డీ మొదటి మ్యాచ్. మధ్యలో మైకు ఒకటే గోల: "ఫలానా జట్టు రెండు నిమిషాల్లో కోర్టు దగ్గరికి రాకపోతే అవతలి జట్టుకు వాకోవర్ ఇవ్వబడును."

ఆ మ్యాచ్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మూడో రైడ్‌కు వెళ్లింది. బోనస్ గీత దాటి, కుడి మూలలోని అమ్మాయిని తాకబోయి, చటుక్కున వెనక్కి తిరిగింది. ఆమెను ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ నెట్టలేదు. ఎడమ పాదం నేలలో పాతుకున్నట్లు ఉండిపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. కూత ఆగిపోయింది. నేను గీత పక్కనే ఉన్నాను. ఎండిన కందికంప విరిగినట్లు సన్నని చప్పుడు వినబడింది. అమ్మాయి ఏడవలేదు. లేచి కుంటుతూ బయటికి వచ్చి, "ఏం కాలేదు సార్, రెండో సగంలో ఆడతాను" అంది. ప్రథమ చికిత్స పెట్టెలో దూది, అయోడిన్, ఒక బ్యాండేజీ చుట్ట ఉన్నాయి. ఐసు లేదు. మైదానం గేటు బయట సోడాబండి అతను తన ఐసుగడ్డను పగలగొట్టి తువ్వాలులో చుట్టి తెచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. గంట గడిచేసరికి మోకాలి చిప్ప ఎక్కడుందో తెలియనంత వాపు.

వాళ్ల ఊళ్లో నాటు కట్టు కట్టించారు. వాపు తగ్గింది, పదిహేను రోజుల్లో నడిచింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఈ గాయం తీరే అంత. నడుస్తుంటే బాగానే ఉంటుంది, తిరగబోతే మోకాలు జారిపోతుంది. నెల తర్వాత పొలం గట్టు దిగుతూ మళ్లీ పడింది. నాలుగు నెలలకు గానీ స్కానింగ్ తీయించలేకపోయారు. మోకాలి లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ కలిపి పట్టి ఉంచే లిగమెంటు, డాక్టర్లు ఏసీఎల్ అంటారు, తెగిపోయింది. ఇన్నాళ్ల ఆలస్యంతో పక్కన ఉండే మెత్తటి గుజ్జు కూడా చిరిగింది. శస్త్రచికిత్స చేయించినా మళ్లీ కోర్టులోకి దిగడానికి కనీసం తొమ్మిది నెలలు పడుతుందన్నారు. తల్లి మిర్చి కోతలకు వెళ్లే మనిషి. కూతురి వెంట ఆసుపత్రికి తిరిగిన ప్రతి రోజూ కూలి పోయిన రోజే.

వార్మప్ చేసి ఉంటే ఆ మోకాలు దక్కేదని ప్రమాణం చేసి చెప్పలేను. ఒక్క మోకాలి విషయంలో ఎవరూ చెప్పలేరు. వందల మంది పిల్లల్ని గమనించిన లెక్కలు మాత్రం చెబుతాయి. వాటి దగ్గరికి వస్తాను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన మొదటి పదేళ్లు నేనూ ఇదే చేశాను. "రెండు రౌండ్లు పరిగెత్తి రండిరా" అని, ఈల ఊది దింపేవాణ్ని. ఎవరికైనా తొడ వెనక కండరం పట్టేస్తే, "పాలు తాగితే కదా" అని వాడినే తిట్టేవాణ్ని. ఇంట్లో పాలు ఉన్నాయో లేవో అడిగినవాణ్ని కాదు. కాబట్టి ఇది వేలు చూపే ఉత్తరం కాదు. అదే తప్పు చేసినవాడు రాసిన ఉత్తరం.

ఇక వాస్తవాలు.

1. ఎండలో ఒళ్లు కాలడం వార్మప్ కాదు. "ఇంత ఎండలో వార్మప్ ఎందుకు మాస్టారూ, ఒళ్లు కాలిపోతుంటే" అనే మాట నాకు ప్రతి మైదానంలోనూ ఎదురవుతుంది. ఎండకు వేడెక్కేది ముఖ్యంగా చర్మం. మనకు కావలసింది పని చేసిన కండరంలో పుట్టే వేడి. కండరం ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దాని సత్తువ 2 నుంచి 5 శాతం దాకా పెరుగుతుంది. నరాల సంకేతాలు త్వరగా అందుతాయి. పాదం జారిన క్షణంలో తొడ కండరం అందుకుని మోకాలిని కాపాడాలంటే ఆ వేగమే కావాలి. పెనం వేడెక్కకుండా పిండి పోస్తే దోసె ఎలా లేస్తుందో వంటింట్లో ఎవరినడిగినా చెబుతారు. పెనాన్ని ఎండలో పెట్టాం కదా అంటే నవ్వుతారు. రెండు గంటలు ఎండలో నిలబెడితే జరిగేది దీనికి తలకిందులు. చెమట పోతుంది, నీళ్లు అందవు, పిక్కలు బిగుసుకుంటాయి, అలసిన కాళ్లతో ఆట మొదలవుతుంది.

2. వరుసలో నిలబడి వంగి కాలివేళ్లు ముట్టుకోవడం కూడా వార్మప్ కాదు. మనలో చాలామందిమి నేర్చుకున్నదీ నేర్పినదీ అదే. వంగు, పది లెక్కపెట్టు, లే. ఆస్ట్రేలియాలో 1538 మంది సైనిక శిక్షణార్థులపై జరిపిన పరిశీలన ఫలితాలు 2000 సంవత్సరంలో వెలువడ్డాయి. అందరూ కదులుతూ ఒళ్లు వేడెక్కించుకున్నారు, సగం మంది అదనంగా కండరాలను సాగదీసి పట్టి ఉంచారు. పన్నెండు వారాల శిక్షణ తర్వాత చూస్తే గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే సాగదీయడం పాపమని కాదు. ఆట అయ్యాక నిదానంగా చేసుకోవచ్చు. దాన్ని మాత్రమే చేయించి మన బాధ్యత తీరిందనుకోవడమే తప్పు.

3. పనిచేసే పద్ధతి ఉంది, దానికి పరీక్ష కూడా జరిగింది. ఫిఫా వైద్య పరిశోధన విభాగం, నార్వేలోని ఓస్లో క్రీడా గాయాల పరిశోధన కేంద్రం తదితరులు కలిసి ఫుట్‌బాల్ కోసం ఇరవై నిమిషాల వార్మప్ ఒకటి తయారుచేశారు. మొత్తం పదిహేను వ్యాయామాలు. మొదట ఎనిమిది నిమిషాలు నెమ్మది పరుగులు, తర్వాత పది నిమిషాలు బలం, ఒంటికాలి నిలకడ, దూకి దిగడం, చివర రెండు నిమిషాలు వేగం, మలుపులు. నార్వేలో 13 నుంచి 17 సంవత్సరాల ఆడపిల్లలను, 1892 మందిని, ఒక సీజన్ అంతా గమనించారు. ఈ పద్ధతి పాటించిన జట్లలో గాయాలు మొత్తం మీద మూడో వంతు దాకా, తీవ్రమైన గాయాలు సగం దాకా తగ్గాయి. 2008లో ఈ ఫలితాలు ప్రచురించారు. అంతకు మూడేళ్ల ముందు అక్కడే హ్యాండ్‌బాల్ ఆడే పిల్లలపై ఇలాంటి పరీక్షే చేస్తే మోకాలు, చీలమండ గాయాలు దాదాపు సగానికి పడిపోయాయి. ఈ వార్మప్‌కు మందులు అక్కర్లేదు, యంత్రాలు అక్కర్లేదు. నేల, సమయం, చెప్పే మనిషి ఉంటే చాలు. మొదటిదీ మూడోదీ మన దగ్గర ఉన్నాయి.

4. ఆడపిల్లలకు ఈ ముప్పు ఎక్కువ. ఉరికి, ఆగి, మలుపు తిరిగే ఆటల్లో ఏసీఎల్ తెగడం మగపిల్లలకన్నా ఆడపిల్లల్లో రెండు మూడు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. కబడ్డీ, ఖోఖో అచ్చంగా అలాంటి ఆటలే. మన మైదానాల్లో వార్మప్ మరీ తక్కువగా చేసేది కూడా ఆడపిల్లలే. వాళ్ల సోమరితనం అనుకుంటాం. ఒకసారి మీరే ఆ గీత దగ్గర నిలబడి చూడండి. చుట్టూ మూడు వరుసల జనం. గోడమీద కాలేజీ కుర్రాళ్లు, చేతుల్లో ఫోన్లు. ఆ గుంపు మధ్య ఒక పదిహేనేళ్ల పిల్ల గుంజీలు తీసి, దూకి, నేలమీద బోర్లా పడుకుని మోచేతులపై ఒళ్లు నిలపాలి. ఏ పిల్ల చేస్తుంది? చున్నీ నడుముకు బిగించి, నలుగురూ దగ్గరగా గుమిగూడి, చేతులు రెండుసార్లు ఊపి, "అయిపోయింది సార్" అంటారు. "త్వరగా కానివ్వండమ్మా" అని మనమూ వదిలేస్తాం. మహిళా ఉపాధ్యాయులు వెంట వచ్చిన జట్లలో ఈ పరిస్థితి కొంత మేలు. నాలుగు పాత చీరలు కర్రలకు కట్టి చాటు ఏర్పాటు చేసిన పంతులమ్మ ఒకరిని చూశాను. ఆమెకు ఆ రోజు ఎవరూ శాలువా కప్పలేదు.

5. నష్టం ఎవరిదో కూడా చూడాలి. పోటీ అయిపోయాక మనం సర్టిఫికెట్లు రాసి, బిల్లులు పెట్టి ఇంటికి పోతాం. పల్లె పిల్లకు ఆట అంటే క్రీడా పాఠశాలలో సీటు, హాస్టల్ తిండి, రేపటి క్రీడా కోటా. మోకాలు పోతే అవన్నీ ఒకేసారి పోతాయి. ఇంకో నష్టం కాగితాలకు ఎక్కదు. ఆ ఊళ్లో మిగతా తల్లులు తమ ఆడపిల్లల్ని ఆటకు పంపడం మానేస్తారు. నేను చెప్పిన అమ్మాయి ఊళ్లో ఈ ఏడాది బాలికల జట్టే లేదు.

"సమయం ఎక్కడిది మాస్టారూ, ఒక్క రోజులో అన్ని ఆటలూ ముగించాలి" అంటారు. ఇక్కడే లెక్క తప్పుతున్నాం. కబడ్డీ మ్యాచ్ మండల స్థాయిలో కుదించి ఆడించినా పాతిక నిమిషాలు పడుతుంది. ఒక మ్యాచ్ నడుస్తుండగా తర్వాతి రెండు జట్లు పక్కన వార్మప్ చేసుకోవచ్చు. అదనంగా సమయం కావలసింది రోజు మొత్తంలో మొదటి మ్యాచ్‌కే. అంటే మొత్తం ఇరవై నిమిషాలు. ప్రసంగాల్లో రెండు తగ్గిస్తే ఆ సమయం దొరుకుతుంది.

ఆ ఇరవై నిమిషాల్లో ఏం చేయించాలో తెలియదనే మిత్రుల కోసం నేను చేయించేది చెబుతాను. ఆరేడు నిమిషాలు తేలికపాటి పరుగు. ముందుకు, వెనక్కి, పక్కకు, మోకాళ్లు ఎత్తి, మడమలు పిరుదులకు తగిలేలా. ఎండ తీవ్రంగా ఉంటే ఈ భాగం నీడలో, కొంచెం తగ్గించి. తర్వాత ఎనిమిది నిమిషాలు బలం. సగం గుంజీలు, ముందుకు అడుగేసి మోకాలు వంచడం, మోచేతులపై ఒళ్లు నిలపడం, ఒంటికాలిపై నిలబడి జోడీదారును మెల్లగా తోయడం. ఇద్దరిద్దరు చేసే ఇంకొక వ్యాయామం ఉంది. ఒకరు మోకాళ్లపై నిలబడతారు, రెండోవారు వెనకనుంచి మడమలు పట్టుకుంటారు, మొదటివారు నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలతారు. తొడ వెనక కండరానికి దీన్ని మించింది నాకు తెలియదు. కానీ దీన్ని సాధనలోనే నేర్పాలి. కొత్తవాళ్లకు పోటీ రోజున చేయిస్తే మర్నాడు నడవలేరు. తర్వాత మూడు నిమిషాలు దూకి దిగడం. ఇక్కడ నేను ఒకే మాట వందసార్లు అంటాను: "మోకాలు బొటనవేలి వైపు కాదమ్మా, నడిమి వేలి మీదుగా." దిగేటప్పుడు మోకాళ్లు రెండూ లోపలికి వాలే పిల్లను చూస్తే నాకు ఇప్పటికీ గుండె జారుతుంది. చివరగా రైడ్‌లాంటి పరుగులు, మలుపులు. మొదట సగం వేగం, తర్వాత ముప్పాతిక, ఆపై పూర్తి వేగం. ఆ వెంటనే కోర్టు. పావుగంట కూర్చోబెడితే పుట్టిన వేడి చాలావరకు దిగిపోతుంది. బెంచీమీద కూర్చున్న అదనపు ఆటగాళ్ల సంగతీ అంతే. వాళ్లు రెండో సగంలో చల్లబడ్డ కాళ్లతో లోపలికి వస్తారు.

ఇక మా డిమాండ్లు. మా అంటున్నాను, ఎందుకంటే ముసాయిదా చదివిన పదకొండు మంది వ్యాయామ ఉపాధ్యాయులు నాతో ఏకీభవించారు. సర్వీసులో ఉన్నవాళ్లు కాబట్టి వాళ్ల పేర్లు రాయడం లేదు.

1. ప్రతి మ్యాచ్‌కు రెండు సమయాలు అచ్చు వేయాలి. ఒకటి జట్టు వార్మప్ మొదలుపెట్టాల్సిన సమయం, రెండోది ఆట మొదలయ్యే సమయం. ఈ మధ్య కనీసం ఇరవై నిమిషాలు ఉండాలి. రిఫరీ దాన్ని స్కోరు షీటుపై నమోదు చేసేదాకా ఈల ఊదకూడదు. వార్మప్‌లో ఉన్న జట్టును వాకోవర్ పేరుతో బెదిరించకూడదు.

2. ప్రారంభ సభ అరగంట దాటకూడదు. ముఖ్య అతిథి ఆలస్యమైతే ఆటలు మొదలుపెట్టాలి. వారు వచ్చాక మధ్యాహ్న భోజన విరామంలో సభ జరుపుకోవచ్చు. మొదటి మ్యాచ్ ఆడే జట్లకు మార్చ్‌పాస్ట్ నుంచి మినహాయింపు ఇవ్వాలి. ముఖ్య అతిథులుగా వచ్చే పెద్దలకు కూడా ఇదే విన్నపం. మీరు వేళకు వస్తే పిల్లలకు చేసే మేలు మీరిచ్చే కప్పుకన్నా పెద్దది.

3. ప్రతి కోర్టు పక్కన సున్నంతో గీత గీసి వార్మప్ స్థలం కేటాయించాలి. పది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు చాలు. బాలికలకు జనం కళ్లు పడని చోట, మహిళా ఉపాధ్యాయుల పర్యవేక్షణలో. అక్కడ ఫోన్లతో చిత్రీకరణ నిషేధించాలి.

4. నీడ, తాగునీరు, ఐసుపెట్టె. దీనికి వివరణ అక్కర్లేదనుకుంటాను.

5. గాయాల రిజిస్టరు పెట్టాలి. ఏ ఆట, ఎన్నో నిమిషం, ఏ అవయవం, ఆటకు ముందు వార్మప్ జరిగిందా లేదా, నెల తర్వాత పిల్ల పరిస్థితి ఏమిటి. మన దగ్గర టిఫిన్ల ఖర్చుకు రిజిస్టరు ఉంది, మెమెంటోలకు ఉంది, బంతులకు స్టాకు పుస్తకం ఉంది. ఎంతమంది పిల్లలు కుంటుతూ ఇంటికి వెళ్లారో రాసిన కాగితం ముప్ఫై ఒక్క సంవత్సరాల్లో నేను చూడలేదు. మొదటి అర్జీలో నేను అడిగింది ఈ లెక్కే.

6. పోటీ రోజు ఒక్కటే చేస్తే ఫలితం సగమే. కండరాల బలం, దిగే పద్ధతి వారాల తరబడి చేస్తేనే వస్తాయి. ఆటల పీరియడ్లలో వారానికి రెండు మూడు సార్లు దీన్ని తప్పనిసరి చేయాలి. ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారుకు అప్పగించడం మానితే అదీ సాధ్యమే. పదో తరగతి పిల్లల విషయంలో ఈ మాట అన్నందుకు నాపై కోపగించేవారు ఉంటారని తెలుసు.

7. సీజన్‌కు ముందు వ్యాయామ ఉపాధ్యాయులకు ఒక రోజు శిక్షణ ఇవ్వాలి. తరగతి గదిలో ప్రొజెక్టరు పెట్టి కాదు, మైదానంలో, బూట్లు వేసుకుని, వాళ్లచేతే చేయించి.

ఈ నెలాఖరులోగా లిఖితపూర్వకంగా జవాబు కోరుతున్నాను. "పరిశీలనలో ఉంది" అనే మాట వద్దు. ఏడింటిలో వేటిని అమలు చేస్తారో, వేటిని చేయలేరో, ఎందుకు చేయలేరో చెప్పండి. చేయలేని వాటికి కారణం న్యాయమైనదైతే మేము మా మాట సవరించుకుంటాం.

జవాబు వచ్చినా రాకపోయినా ఈసారి మండల పోటీల రోజున ఏడున్నరకే ఆ మైదానానికి వస్తాను. పిల్లలు ఎన్నింటికి వచ్చారో, సభ ఎన్నింటికి ముగిసిందో, మొదటి ఈల ఎన్నింటికి మోగిందో నా గడియారం చూసి రాసుకుంటాను. ఆ కాగితం ఎవరడిగినా ఇస్తాను. ఒకవేళ ఇరవై నిమిషాలు ఇవ్వడానికి ఒప్పుకుని, చేయించే మనిషి లేడంటే, నన్ను పిలవండి. ప్రయాణ భత్యం వద్దు, శాలువా వద్దు. ఈల నా దగ్గర ఉంది.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు